లారీ లైన్‌లో పైపు తాగేవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా? ఎండకు పొగాకు పొడి అవుతోంది, పోలీసులేమో గంజాయి అంటున్నారు

పన్నెండు_టైర్లు
ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి, చుట్టుపక్కల జిన్నింగ్ మిల్లుల్లో పత్తి బేళ్ళు, ఏది దొరికితే అది ఎత్తుకొని లైన్ మీద తిరిగే డ్రైవర్ని. బండి సేటుది, నడుం నొప్పి నాది. బీడీ ముట్టను, మందు ముట్టను. ఉన్న ఒక్క అలవాటు పైపు. కోయంబత్తూరులో ఒక స్పిన్నింగ్ మిల్లు కాటా దగ్గర కూర్చునే పెద్దాయన పట్టించాడు. అన్‌లోడింగ్ కోసం ఆయన గది ముందు పడిగాపులు పడుతుంటే జాలిపడి తన పాత పైపు ఒకటి చేతిలో పెట్టాడు. అప్పటి నుంచి వదల్లేదు.

ఇప్పుడు రెండు బాధలు. ఒకటి, ఈ ఎండలకు క్యాబిన్‌లో పెట్టిన పొగాకు వేలితో నలిపితే పొడి అయిపోతోంది. వెలిగిస్తే భగ్గున అంటుకొని నాలుక చుర్రుమంటుంది, రుచి లేదు పచి లేదు. రెండోది, మొన్న భద్రాచలం వైపు నుంచి వస్తుంటే ఒక చోట తనిఖీలో డాష్‌బోర్డు మీద పైపు కనబడింది. అంతే, గంజాయి అన్నారు. లోడ్ మీద కట్టిన పట్టా విప్పించారు. సీటు కింద, టూల్ బాక్సు, స్టెప్నీ వెనక, ఆఖరికి దేవుడి ఫోటో వెనక కూడా వెతికారు. పొగాకు వాసన చూసి "తియ్యగా వస్తోందేంది" అని ఒకాయనకు ఇంకా అనుమానం. తెల్లారగట్ల వదిలారు. విప్పిన పట్టా మళ్ళీ కట్టేసరికి నాకూ క్లీనర్‌కూ ప్రాణం పోయింది.

పొగాకు ఎలా దాచాలి, ఈ తనిఖీల టెన్షన్ ఎలా తప్పించుకోవాలి, తెలిసినవాళ్ళు చెప్పండి.

బీడీకట్ట_కోరుట్ల
సేటు బీడీ తాగుతాడు, డ్రైవర్ పైపు తాగుతాడు. కలికాలం. ఫోటో పెట్టు కాకా, చూసి తరిస్తాం.

గ్రానైట్_తమ్ముడు
నవ్వకు అన్నా. కరీంనగర్ క్వారీ నుంచి కాకినాడ పోర్టుకు టాన్ బ్రౌన్ గ్రానైట్ బ్లాకులు తోలుతాను. మా లైన్‌లో కూడా ఒక ముసలాయన పైపు తాగేవాడు. దాబాలో మంచం మీద కూర్చొని పైపు తీస్తే చాలు, సప్లై చేసే పిలగాడు ముందు ఆయనకే రొట్టెలు తెచ్చేవాడు. ఏదో పెద్ద ఆఫీసర్ అనుకొని.

హార్బర్_మామ
ఓడల్లో ఇంజన్ రూమ్‌లో పనిచేసి రిటైరై హనుమకొండలో ఉంటున్నాను. పైపు నాకు పాత చుట్టమే, కాబట్టి పొగాకు సంగతి నేను చెప్తాను.

ముందు క్యాబిన్‌లో ఎక్కడ పెడుతున్నావో చూడు. డాష్‌బోర్డు మీద, అద్దం కింద పెడితే ఏ డబ్బా అయినా ఎండుతుంది. ఇంజన్ వేడి తగిలే చోటు అసలే వద్దు. బెర్త్ కింద, బట్టల మధ్యలో పెట్టు. డబ్బాకు రబ్బరు వాషర్ ఉండాలి, మూత బిగించి తిప్పేది అయితే మేలు. ట్రిప్‌కు సరిపడా మాత్రమే చిన్న డబ్బాలో తీసుకుపో, మిగతాది ఇంట్లో గాజు సీసాలో ఉండనీ.

ఎండినదానికి నీళ్ళు చల్లకు. కుమ్మరి ఇంటి దగ్గర పగిలిన కుండ పెంకు దొరుకుతుంది. దాన్ని కడిగి, కాసేపు నానబెట్టి, పైతడి గుడ్డతో తుడిచి డబ్బాలో వెయ్. ఒక రాత్రికి పొగాకు మెత్తబడుతుంది. మెత్తబడగానే పెంకు తీసెయ్. కొందరు యాపిల్ ముక్క వేస్తారు, మన ఎండలకు అది బూజు పడుతుంది. చిటికెడు తీసి వేళ్ళ మధ్య నొక్కితే ఉండ కట్టి, వదలగానే మెల్లగా విప్పుకోవాలి. ఉండగానే ఉండిపోతే తడి ఎక్కువ, విరిగితే తడి తక్కువ.

నాలుక చుర్రుమనడానికి ఎండిన పొగాకు ఒక్కటే కారణం కాదు. తొందర తొందరగా లాగితే కూడా అంతే. మొదట వెలిగించినప్పుడు పైన పొగాకు ఉబ్బి లేస్తుంది. దాన్ని మెల్లగా అణిచి మళ్ళీ వెలిగించాలి. రెండో వెలుగే అసలు వెలుగు. ఆ తర్వాత ఊపిరి తీసినంత నెమ్మదిగా లాగు. ఆరిపోతే పోనీ. ఆరిపోవడం పైపులో తప్పు కాదు.

నీది ఏ పైపు?

పన్నెండు_టైర్లు
హార్బర్ మామా, పెంకు సంగతి బాగుంది, మా వీధి చివరే కుమ్మరి ఇల్లు. పెద్దాయన ఇచ్చింది బ్రయర్. తర్వాత ఒకటి మొక్కజొన్న కంకి పైపు కూడా తెప్పించుకున్నాను. లైన్ మీద కంకిదే వాడతా, కింద పడి పగిలినా బాధ లేదు.

బీడీకట్ట_కోరుట్ల
కంకి పైపా? మా చేన్లో కంకులు ట్రాక్టర్ల కొద్దీ ఉన్నాయి, ఇన్నాళ్ళూ పొయ్యిలో పెట్టుకుంటున్నాం. కోటీశ్వరుణ్ణి అయిపోయా.

హార్బర్_మామ
కోరుట్ల, నవ్వులాట కాదు. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలో వాషింగ్టన్ అనే ఊళ్ళో 1869 నుంచి ఆ కంకి పైపులు చేస్తున్నారు. దానికి పెద్ద కంకి, గట్టి బెండు కావాలి. కోసిన కంకుల్ని చాలా కాలం ఆరబెట్టి గట్టిపరుస్తారు. మీ చేన్లో హైబ్రిడ్ కంకి బెండు సన్నం, రెండు దమ్ములకే అంటుకుంటుంది. బ్రయర్ అయితే మధ్యధరా సముద్రం చుట్టుపక్కల పెరిగే ఒక పొద వేరు దగ్గర ఉబ్బిన గడ్డ. ఆ పొద రాళ్ళలో, ఎండలో, మంటల్లో బతికేది. అందుకే ఆ కట్టె త్వరగా కాలదు.

నిర్మల్_బొమ్మ
అయితే మా బొమ్మలు చేసే పొనికి చెక్కతో చేస్తే?

హార్బర్_మామ
పొగాకు కంటే ముందు పైపే కాలిపోతుంది.

జనగామ_జంక్షన్
పెంబర్తి ఇత్తడితో చేయిస్తే పోదూ. మూతి కాలినా షోగా ఉంటుంది.

ఎనుమాముల_కమీషన్
అందరూ పైపు చెక్క గురించి మాట్లాడుతున్నారు, అసలు సంగతి ఎవరూ అనడం లేదు. ఈయన తోలేది పత్తి బేళ్ళు. ఒక్కో బేలు 170 కిలోలు, అట్లాంటివి నూటికి పైగా ఒక బండి మీద. పత్తికి నిప్పు తగిలితే పైన మంట కనబడదు, బేలు లోపల లోపలే రాజుకుంటుంది. ఆర్పాం అనుకొని బండి కదిలిస్తే గాలి తగిలి మళ్ళీ లేస్తుంది. నా కళ్ళముందే ఒక బండి అట్లా పోయింది. క్లీనర్ బీడీ ముక్క అని తర్వాత తేలింది. నేను లోడ్ ఇచ్చేటప్పుడు డ్రైవర్ జేబులో అగ్గిపెట్టె కనబడితే బండి వెనక్కి పంపిస్తా. పైపు అయితే ఇంకా నయం అనుకోవద్దు. దాంట్లో నిప్పు చాలాసేపు ఉంటుంది.

పన్నెండు_టైర్లు
కమీషన్ అన్నా, మీరన్నది నిజం. అందుకే నాకు రెండు కట్టుబాట్లు. బండి నడుస్తుంటే పైపు బయటికి రాదు. పత్తి లోడ్ ఉంటే బండి చుట్టుపక్కల కూడా వెలిగించను. దాబాలో బండి దూరంగా పెట్టి, నేను ఇవతల మంచం మీద కూర్చుంటా. జిన్నింగ్ మిల్లు గేటు లోపల అడుగు పెట్టాక డబ్బా కూడా బయటికి తియ్యను, అక్కడ గాలిలోనే పత్తి పోగులు ఎగురుతుంటాయి.

ఎనుమాముల_కమీషన్
అట్లా అయితే సరే. కానీ బూడిద ఎక్కడ కొడుతున్నావు? టైరుకు తట్టి దులిపే అలవాటు ఉంటే మానుకో.

పన్నెండు_టైర్లు
పాత గ్రీజు డబ్బాలో మట్టి పోసి పెట్టా. దాంట్లోనే.

తాడ్వాయి_రోడ్డు
ఆ డబ్బా సంగతి అందరికీ చెప్పండన్నా. 163 నంబరు హైవే మీద పస్రా, తాడ్వాయి, ఏటూరునాగారం మధ్య అడవిలో వేసవి వచ్చిందంటే నేలంతా ఎండుటాకులే. లారీలోంచి విసిరిన బీడీ ముక్కకు మా వైపు ఎన్నిసార్లు మంట లేచిందో. తునికాకు కోసే టైం కూడా అదే. ఏప్రిల్, మే నెలల్లో మా ఊరివాళ్ళంతా అడవిలోనే ఉంటారు.

బీడీకట్ట_కోరుట్ల
అంటే ఆకు కోసేది మీరు, బీడీ చుట్టేది మేము, తాగి అడవి తగలబెట్టేది లారీ వాళ్ళు. భలే కలిశాం.

మెట్‌పల్లి_లక్ష్మి
మా అమ్మ బీడీలు చేసే మనిషే, నేనూ పెళ్ళికి ముందు చేశాను. మా ఆయన లైన్ డ్రైవర్. హార్బర్ మామ చెప్పిన తడి సంగతి మాకు ఇంట్లో రోజూ ఉండేదే. రాత్రి ఆకు నీళ్ళలో ముంచి, తడి గోనెపట్టాలో చుట్టి పెడతాం. పొద్దున ఈనె తీసి, రేకు ముక్క పెట్టి కత్తెరతో కత్తిరిస్తాం. ఆకు తడిగా లేకపోతే చుట్టేటప్పుడు పటుక్కున విరుగుతుంది. తంబాకుకు మాత్రం చుక్క నీళ్ళు తగలనివ్వం. తగిలితే కార్ఖానాలో పనికిరావని బీడీలు వెనక్కి ఇస్తారు, కూలి పోతుంది.

ఆ తంబాకు వాసనకు మా అమ్మకు ఇప్పటికీ దగ్గే. జీవితంలో ఒక్క బీడీ తాగలేదు ఆమె. మీరంతా ఏ పొగాకు మెత్తగా ఉండాలని మాట్లాడుకుంటుంటే నాకు అదే గుర్తుకొస్తోంది.

గ్రానైట్_తమ్ముడు
లక్ష్మక్కా, మీ ఆయన ఏం తాగుతాడు?

మెట్‌పల్లి_లక్ష్మి
ఇంట్లో ఉన్నప్పుడు ఏమీ తాగడు. లైన్ మీద ఏం తాగుతాడో నాకేం తెలుసు.

మంచిర్యాల_బొగ్గు
ఇప్పుడు అసలు మాట వచ్చింది.

ప్లాట్‌ఫాం_పంతులు
తనిఖీ విషయానికి వస్తే, లీగల్‌గా పొగాకు దగ్గర ఉంచుకోవడం నేరం కాదు. గంజాయి మీద కేసు పెట్టేది 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మత్తుమందుల చట్టం కింద. ఇవి రెండూ వేరని అర్ధరాత్రి రోడ్డు మీద నిలబడి వాదిస్తే మాత్రం పని కాదు. కొన్న డబ్బా కంపెనీ లేబుల్‌తో అట్లాగే ఉంచండి, చిన్న డబ్బాలోకి మారిస్తే లేబుల్ కాగితం కూడా అందులో పెట్టండి. బిల్లు ఆర్సీ, పర్మిట్ పక్కనే ఫైల్లో ఉండాలి. ప్లాస్టిక్ కవర్లో విడి పొగాకు ఉంటే ఎవరికైనా అనుమానమే. పైపు డాష్‌బోర్డు మీద పెట్టడం మానెయ్యండి. అడిగితే మీరే తీసి చూపించండి.

ఇంకో సంగతి. తనిఖీలో రాత్రంతా ఆగితే ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే బిల్లు, టైం చూసుకోండి. 200 కిలోమీటర్లకు ఒక రోజు లెక్క. దాటిపోయేలా ఉంటే గడువుకు ముందు 8 గంటలు, తర్వాత 8 గంటల లోపు పొడిగించుకోవచ్చు. ఆ సమయం దాటిందంటే తప్పు పోలీసులదైనా జరిమానా సరుకు మీదే.

మంచిర్యాల_బొగ్గు
2017లో జీఎస్టీ వచ్చి చెక్‌పోస్టులు ఎత్తేశారు, ఇక ఆగే పని లేదు అన్నారు. ఫాస్టాగ్ వచ్చాక టోల్ దగ్గర కూడా ఆగే పని లేదు అన్నారు. ఆగే చోట్లు మారాయి అంతే. ఇప్పుడు అన్‌లోడింగ్ దగ్గర ఆగుతున్నాం. వాళ్ళ గోడౌన్ నిండితే మన బండే వాళ్ళకు గోడౌన్. బండి ఆగినందుకు హాల్టింగ్ డబ్బులు అడిగితే ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు వాడు సరుకు పార్టీని అడగమంటాడు, పార్టీ ఆఫీసును అడగమంటుంది.

పన్నెండు_టైర్లు
మంచిర్యాల తమ్మీ, నా పైపు సంగతి కూడా అక్కడే ఉంది. డ్రైవర్ అంటే పొద్దస్తమానం స్టీరింగ్ తిప్పుతాడనుకుంటారు. లోడింగ్ దగ్గర, కాటా దగ్గర, వర్క్‌షాపులో, అన్‌లోడింగ్ దగ్గర కూర్చోవడమే ఎక్కువ. ఆ కూర్చోవడం కూడా సుఖంగా ఉండదు, ఎప్పుడు పిలుస్తారో తెలియదు కాబట్టి పడుకోవడానికి లేదు. బీడీ తాగేవాడు ఒకటి తర్వాత ఒకటి వెలిగిస్తూ కట్ట ఖాళీ చేస్తాడు. ఫోన్ చూసేవాడు డేటా ఖాళీ చేస్తాడు. పైపు అయితే శుభ్రం చెయ్యాలి, పుల్ల దూర్చాలి, పొగాకు మూడు దఫాలుగా నింపాలి, కింద వదులుగా, పైన కొంచెం గట్టిగా. వెలిగించాలి, అణచాలి, ఆరితే మళ్ళీ వెలిగించాలి. చేతికి పని ఉంటుంది, గంట గడిచిపోతుంది. గేటు దగ్గర నా నంబరు పిలిస్తే అణిచిపెట్టి లేచిపోవచ్చు, బీడీ లాగా పారెయ్యక్కర్లేదు. పార్టీ మీద కోపం కూడా కొంత దిగుతుంది. డబ్బులైతే రావు.

గ్రానైట్_తమ్ముడు
నాకు మాత్రం నడిపేటప్పుడే నోట్లో ఏదో ఒకటి ఉండాలి. రెండింటి నుంచి తెల్లారేదాకా నిద్ర తరుముతుంది. అప్పుడు సిగరెట్టే దిక్కు.

పన్నెండు_టైర్లు
వద్దు తమ్మీ. వెనక గ్రానైట్ బ్లాకు పెట్టుకొని కునికిపాటు పడితే, బ్రేక్ కొట్టగానే అది జారి వచ్చేది నీ క్యాబిన్ మీదికే. నిద్ర వస్తే బండి పక్కకు తియ్. సిగరెట్ నిద్రను ఆపదు, కాసేపు మభ్యపెడుతుంది.

ఆటోనగర్_గ్రీజు
ఏ సేటు ఒప్పుకుంటాడు పక్కకు తియ్యడానికి? జీపీఎస్ పెట్టి ఆఫీసులో కూర్చొని చూస్తున్నారు. బండి అరగంట ఆగితే ఫోన్. 1961 నాటి మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టంలో రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని రాసి ఉండేది. మా వర్క్‌షాపుకు వచ్చే ఏ డ్రైవర్‌ని అడిగినా 8 గంటలు అంటే పొద్దటి పూట లెక్క అంటాడు.

దంతాలు_హనుమకొండ
పళ్ళ డాక్టర్ని. అందరూ ఇంత ప్రేమగా మాట్లాడుతుంటే అడ్డు రావాలనిపించలేదు కానీ చెప్పాలి. పొగ ఊపిరితిత్తుల్లోకి లాగకపోతే ఏం కాదు అనే మాట ఈ థ్రెడ్‌లో ఎవరూ అనలేదు గానీ, పైపు తాగే ప్రతివాళ్ళూ నా కుర్చీలో కూర్చొని అదే అంటారు. పైపు పొగలోని నికోటిన్ నోటి లోపలి పొర నుంచే ఒంట్లోకి పోతుంది. వేడి పొగ తగిలే అంగిలి తెల్లబడి, మధ్యలో ఎర్ర చుక్కలు వస్తాయి. పెదవి, నాలుక, గొంతు, అన్నిటికీ క్యాన్సర్ ముప్పు ఉంది. శ్రీకాకుళం, విశాఖ వైపు చుట్టను నిప్పు నోటి లోపలికి పెట్టి అడ్డపొగ తాగే ఆడవాళ్ళకు అంగిలి క్యాన్సర్ రావడం మా పుస్తకాల్లో పాఠమే.

పన్నెండు టైర్లు గారు, పైపు ఎప్పుడూ ఒకే వైపు కరిచి పట్టుకుంటారా? ఆ పళ్ళు అరిగి ఉంటాయి, అద్దంలో చూసుకోండి. రెండు వారాలు దాటినా మానని పుండు, తెల్లమచ్చ, నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం, ఈ మూడింటిలో ఏది కనబడినా లైన్ ఆపి ముందు చూపించుకోండి. మానాలనుకుంటే 1800-11-2356కు ఫోన్ చెయ్యండి, ప్రభుత్వానిదే, డబ్బులు పడవు.

పన్నెండు_టైర్లు
ఎడమ వైపు డాక్టరమ్మా. ఇప్పుడే చూసుకున్నా, కింది పన్ను అంచు నిజంగానే అరిగింది. పుండ్లు లేవు. వరంగల్ వచ్చాక చూపించుకుంటా.

హార్బర్_మామ
డాక్టరమ్మ మాటకు ఎదురు లేదు. నేను రోజుకు ఒకటికి తగ్గించాను, అది కూడా నా భార్య గేటు బయట నిలబడి తాగమంటుంది కాబట్టి.

జనగామ_జంక్షన్
ఒక సందేహం. 2025లో కొత్తగా తయారయ్యే పెద్ద లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు కదా. అద్దాలు మూసుకొని ఏసీ వేసుకున్నాక ఈ పొగరాయుళ్ళ గతేంటి?

ఆటోనగర్_గ్రీజు
ముందు సేటు ఏసీ వెయ్యనివ్వాలి కదా. డీజిల్ తాగుతుందని ఆ బటన్ మీద స్టిక్కర్ అంటిస్తారు చూడు.

మెట్‌పల్లి_లక్ష్మి
పొగ సంగతి పక్కన పెట్టండి. మే నెలలో రామగుండం వైపు ఆ క్యాబిన్‌లో మనుషులు ఎట్లా కూర్చుంటున్నారో చూస్తే ఏసీ ఎప్పుడో రావాల్సింది. మా ఆయన ఇంటికి వస్తే చొక్కా మీద ఉప్పు చారలు ఉంటాయి, రెండు నీళ్ళు పోసినా పోవు.

గ్రానైట్_తమ్ముడు
అక్క మాట నిజం. కాకా, ఇప్పుడెక్కడున్నావు?

పన్నెండు_టైర్లు
హింగన్‌ఘాట్ దాటి దాబాలో ఉన్నా. మిర్చి నాగ్‌పూర్‌లో దింపాలి. లేబుల్, బిల్లు ఫైల్లో పెట్టేశా, పైపు బెర్త్ కిందికి పోయింది. పెంకు వరంగల్ వచ్చాక. రిటర్న్ లోడ్ నారింజలు అంటున్నారు, ఇంకా ఖాయం కాలేదు.

ఎనుమాముల_కమీషన్
పండ్ల బండి దగ్గర కూడా పైపు తియ్యకు. పొగ వాసన పట్టిందంటే పార్టీ కిరాయిలో కోస్తాడు.

బీడీకట్ట_కోరుట్ల
పత్తి దగ్గర తాగొద్దు, నారింజ దగ్గర తాగొద్దు, అడవిలో తాగొద్దు, ఏసీలో తాగొద్దు. ఇంకేం మిగిలింది కాకా?

గ్రానైట్_తమ్ముడు
మా దగ్గరికి వచ్చెయ్. రాయి కాలదు, వాసన పట్టదు. క్వారీలో ఒక బండికి డ్రైవర్ లేక మూడు వారాలుగా నిలబడి ఉంది. బత్తా మాత్రం ముందే మాట్లాడుకో.